పెడమొహం

పళ్ళేన్ని ఇటు వంచాలి, అటు వంచాలి, మళ్ళీ ఇటు, ఆపకూడదు, ఆపితే రాగి ఒకచోట కరిగి ఇంకోచోట మొండికేస్తుంది, చంటిపిల్లను ఊపినంత ఓపిగ్గా ఊపాలి అనుకుంటూ ఖుర్షిదా పెరట్లో పీట వేసుకుని, కొంగు నడుముకి దోపి, ప్లాస్టిక్ పళ్ళేన్ని రెండు చేతుల్తో ఊపుతోంది. పళ్ళెంలో ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్ళు, ముదురు టీ డికాషను రంగులో. అడుగున అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద అట్ట, అట్టకి ఒక పక్క రాగిరేకు, రాగి మీద ఎర్రటి గోళ్ళరంగుతో తను గీసిన గీతలు. రంగు ఉన్నచోట రాగి బతుకుతుంది, లేనిచోట నీళ్ళలో కరిగిపోతుంది, చివరికి మిగిలిన రాగి గీతలే తీగలవుతాయి, విడి తీగలతో పని లేదు. ఎంత తేలికగా చెప్పేశాడు ఆ పుస్తకం రాసినాయన, ఒక గంట ఊపండి చాలు అని, పీకేవి ఆయన చేతులు కాదుగా. మధ్యాహ్నం ఎండ సూటిగా పళ్ళెంలో పడుతోంది, పడనీ, నీళ్ళు వెచ్చబడితే పని త్వరగా అవుతుంది, పేట ఎండని అందరూ తిట్టుకునేవాళ్ళే కానీ ఇవాళ తనకి అది పైసా ఖర్చు లేని పొయ్యి. వీధి చివర కల్లంలో మిరపకాయలు ఆరబోశారు, గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఘాటు ముక్కుకెక్కుతోంది, తుమ్ము రాబోతే ఊపిరి బిగబట్టింది, తుమ్మితే నీళ్ళు ఒలుకుతాయి, చీర మీద పడితే తుప్పు మరక, జన్మకి వదలదు. వేళ్ళ చివర్లు అప్పుడే గోరింటాకు పండీ పండనట్టు పచ్చబడ్డాయి. పోనీలే, ఆడపడుచు పెళ్ళికి వదినగారు ముందే చేతులు పండించుకుంది అనుకుంటారు.

గోళ్ళరంగు తలుచుకుంటే నవ్వొచ్చింది. గాజుల కొట్టాయన సీసా చేతిలో పట్టుకుని ఇవ్వాలా వద్దా అన్నట్టు చూసి, "ఏందమ్మా, నమాజు చేసుకునే ఇంట్లో గోళ్ళరంగా? వజూ చేస్తే నీళ్ళు గోటికి అంటవు గదా?" అన్నాడు. నీళ్ళు అంటకుండా ఉండాలనే కదా నాయనా కొంటున్నది, నీకు ఈ సంగతి ఎట్లా విడమర్చి చెప్పను అనుకుని, "గోళ్ళకి కాదండి, రాగికి" అంది. ఆయన చెంబులకి రంగేస్తారేమో అనుకుని ఉంటాడు, ఇంకో సీసా కూడా తీసి చూపించాడు, గులాబీ రంగుది. ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరిగొచ్చింది, బుడే సాహెబు కోడలు గోళ్ళరంగు కొన్నదంట అని. కొన్నది, ఏం, కొనకూడదా. పుట్టినప్పటి నుంచి పొదిలిలో నాన్న రేడియో రిపేరు కొట్లో సోల్డరు పొగ పీలుస్తూ పెరిగిన మనిషి, బొమ్మలకి బదులు కాలిపోయిన కండెన్సర్లతో ఆడుకున్న మనిషి, పెళ్ళయి ఇక్కడికొచ్చాక కాలింగ్‌బెల్ చేసింది, తొట్టి నిండితే కుయ్యిమనే పెట్టె చేసింది, వీధిలో ఎవరి టార్చిలైటు వెలక్కపోయినా ఇక్కడికే తెస్తారు, అప్పుడు లేని వింత ఒక్క సీసా రంగుకి వచ్చింది. పెనిమిటి మాబు ఒక్కడే నయం. దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పని, వారానికో రోజు ఇంటికొస్తాడు, ఈ రాగి అట్ట గుంటూరు నుంచి తెచ్చిందీ అతనే. "ఒక్కటే ముక్క మిగిలిందంట, మళ్ళీ మద్రాసు నుంచి సరుకు రావాలంట, జాగ్రత్తగా వాడుకో ఇంజనీరమ్మా" అని చేతిలో పెట్టాడు. ఒక్కటే ముక్క. పళ్ళేన్ని ఇంకాస్త నెమ్మదిగా ఊపింది.

శుక్రవారం నసీము నిఖా. ఈ అట్ట శుక్రవారానికి అందాలి, అంతే. నసీమున్నీసా మాబు చెల్లెలు, అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక నసీము అయింది. అందరి గొంతులూ ఊరు దాటి వినపడే ఇంట్లో పుట్టి, దానికి మాత్రం పిచ్చుక గొంతు ఎట్లా వచ్చిందో. పెళ్ళినాడు పరదా వెనక కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్ళి, ఫలానావాడితో నీకు నిఖా సమ్మతమేనా అని అడిగి, ఆ పిల్ల నోటి మాట తన చెవితో విని, వచ్చి అందరిలో చెప్పే పెద్దని వకీలంటారు. ఈ ఇంట్లో తాతల నాటి నుంచీ ఆ పని తండ్రిదే. మామ తన అక్కచెల్లెళ్ళ నిఖాలకి వాళ్ళ నాన్న పక్కనే నిలబడి చూశాడట, ఆ సంగతి ఎప్పుడూ చెప్పేవాడు. అట్లాంటి మనిషి మొన్న పొద్దున మంచం మీద కూర్చుని గోడతో చెప్పినట్టు చెప్పాడు, "నా తమ్ముడు హయాత్‌ని కూర్చోబెట్టండి. పిల్ల ఒకటంటే నేనొకటి విని నలుగుట్లో ఇంకొకటి చెబితే నవ్వులపాలవుతాం." నసీము లోపలికెళ్ళి బియ్యం చాటలో పోసుకుని కూర్చుంది, అప్పటికే ఏరిన బియ్యం, వాటినే మళ్ళీ ఏరింది. ఆ చాట చప్పుడు ఖుర్షిదా వింది. చేస్తాను, శుక్రవారం లోపల పెట్టె చేసి చెవికి పెడతాను అని అప్పుడే అనుకుంది, పైకి మాత్రం అనలేదు, అని మాట తప్పితే ఆ పిల్ల మొహం ఎట్లా చూడటం.

నవ్వులపాలు అనే భయం ఊరికే రాలేదు ఆయనకి. కనిగిరిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరో పెద్దాయన "భోంచేశావా బుడే?" అని అడిగితే, ఈయన పిల్లల పెళ్ళిళ్ళు చేశావా అని విన్నాడో ఏమో, ఎంతో మర్యాదగా "ఒక్కతే మిగిలిందండి, దానికీ చూస్తన్నాం" అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, నిజం చెప్పాలంటే ఖుర్షిదాకీ నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఆయన ఆ నవ్వు చూశాడు, వినపడకపోయినా నవ్వు కనపడుతుంది కదా. ఆ రోజు నుంచి పెళ్ళికి పోడు, పంచాయితీకి పోడు, మసీదుకి పోయినా వెనక వరసలో నిలబడి నమాజు చివరి సలాం కాగానే వచ్చేస్తాడు. గుంటూరులో డాక్టరు చెవి మిషను పెట్టుకోమంటే ససేమిరా అన్నాడు, అది పెట్టుకుంటే చెవిటోణ్ణని నేనే దండోరా వేసుకున్నట్టు అని. అందుకే జేబు రేడియో. పాడైపోయిన చిన్న రేడియో డొక్కు ఒకటి నాన్న దగ్గర తెచ్చింది, దాన్లో తన సర్క్యూటు పెట్టేస్తే చొక్కా జేబులో రేడియో, చెవిలో తీగ, చూసినవాళ్ళు పెద్దాయన క్రికెట్టు వింటున్నాడు కాబోలనుకుంటారు. ఇప్పుడు పేటలో సగంమంది చెవుల్లో ఆ తీగలే కదా. ఈ ఉపాయం మాబు చెప్పగానే మామ మొదటిసారి ఊఁ అన్నాడు. అసలు సర్క్యూటు పోయిన నెలే పనిచేసింది, మూడు ట్రాన్సిస్టర్లు, టేపురికార్డర్లోంచి పీకిన మైకు, చెక్కపలక మీద మేకులు కొట్టి తీగలు చుట్టి చేసింది. మామ చెవికి పెడితే కళ్ళు పెద్దవి చేసి "కాకి" అన్నాడు, నిజంగానే గోడ మీద కాకి అరుస్తోంది. అంతలోనే కీచుమని అరిచింది పెట్టె, ఆయన తీసి అవతల పారేశాడు. తీగలన్నీ పక్షిగూడులా ఉంటే అరవక ఏం చేస్తుంది. ఆ పలక జేబులో పట్టాలంటే చొక్కాకి బదులు గోనెసంచి తొడుక్కోవాలి.

ఏదో కాస్త మారింది పళ్ళెంలో. అంచుల దగ్గర రాగి పలచబడి, అట్ట రంగు లేతగా కనపడుతోంది. అబ్బ, ఎంత బాగుంది, పొద్దున్నే ఆకాశం తెల్లబడ్డట్టు మొదట అంచులే. ఊపితే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి కానీ ఆపాలనిపించడం లేదు, ఏదో పాట నోట్లో తిరుగుతోంది, మాటలు గుర్తు లేవు, కొట్లో నాన్న రేడియోలు సరిచేసి చివరికి స్టేషను తగలగానే వచ్చే పాట, ఎప్పుడూ సగం నుంచే వచ్చేది, అందుకే ఖుర్షిదాకి ఏ పాటకీ మొదలు తెలీదు. నాన్న పేరు మొహిద్దీన్ బాషా, పొదిలి బస్టాండు దగ్గర రేడియో బాషా అంటే ఎవరైనా చూపిస్తారు. ట్రాన్సిస్టరు చేతిలో పెట్టి చెప్పేవాడు, "చూడమ్మా, దీనికీ మొహం ఉంది. ఒక పక్క గుండ్రం, అది వీపు. ఒక పక్క చదును, అది మొహం. మూడు కాళ్ళూ ఒక వరసే, మొహం ఎటు పెట్టావన్న దాన్నిబట్టే ఏ కాలు ఎటో తెలుస్తుంది. మొహం చూసి పెట్టు." చిన్నప్పుడు ఆ చదును మీద పెన్నుతో కళ్ళూ మూతీ గీసేది తను. కొన్నాళ్ళపాటు పొదిలిలో కొన్ని రేడియోల్లో మొహాలున్న ట్రాన్సిస్టర్లు పాడేవి.

మొహం అంటే మామ మొహమే గుర్తొస్తుంది, అది ఎప్పుడూ ఇటు ఉండదు కాబట్టి. కాపరానికి వచ్చిన రోజు సలాం చేసి ఎదురుగా నిలబడి, "మామయ్యా, మంచినీళ్ళు తేనా?" అని అడిగింది. ఆయన టక్కున ఎడమకి, గోడవైపుకి, మొహం తిప్పుకున్నాడు. తిప్పుకునే "తే అమ్మా" అన్నాడు. ఆ రోజు చెంబు ఆయన పక్కన పెట్టి లోపలికొచ్చి మసాలా నూరుతూ కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయల వంక చెప్పడానికి కూడా ఉల్లిపాయలు లేవు అక్కడ. తనేం తప్పు చేసింది? రేడియో కొట్టు పిల్ల, పాటలింట్లో పెరిగిన పిల్ల అనా? కొన్నాళ్ళకి అలవాటు పడుతుందిలే అనుకుంది. అన్నం వడ్డిస్తూ ఎదురుగా కూర్చుని కూర వేయనా అంటే గోడకేసి తిరిగి వేయమంటాడు. పుట్టింటికెళ్ళి వస్తానంటే గోడకేసి తిరిగి వెళ్ళిరమ్మంటాడు. ఆరేళ్ళు. ఒక్క కసురు మాట లేదు, ఒక్క చెడ్డ మాట లేదు, అదే ఇంకా కష్టం, తిడితే తిరిగి అలగొచ్చు, ఇట్లా ఒద్దికగా మొహం తిప్పుకునే మనిషితో ఏం పోట్లాడతారు. ఎడమొహం పెడమొహం అంటారే, అట్లా తనూ ఎడంగానే ఉండిపోయింది, కావలసినవి అమర్చడం, అవసరమైతే గట్టిగా అరిచి చెప్పడం, వచ్చేయడం. చెవులు పోయాయని తనకి తేలింది కనిగిరి పెళ్ళి తర్వాతే కదా, అంతకు ముందు అన్యమనస్కం అనుకుంది. పోనీ నచ్చకపోతే నచ్చకపోయింది. పెట్టె మాత్రం నేను చేస్తాను, నసీము కోసం చేస్తాను అనుకుంది, అనుకుని కాస్త గర్వపడింది కూడా.

జిన్నింగు మిల్లులో పోయాయి ఆయన చెవులు. ఒకసారి అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళింది తను. గుమ్మం దాటగానే చప్పుడు ఒంటి మీద పడింది, పళ్ళు కూడా అదిరాయి. లోపల తెల్లటి ధూళి, ఆ ధూళిలో మామ, కనుబొమలు కూడా దూదే, ఎడమ పక్కన మిషను, అట్లా దాన్ని ఎడమ భుజానికి ఆనించుకున్నట్టు నిలబడి రెండు చేతుల్తో పత్తి అందిస్తున్నాడు. పాతికేళ్ళు అదే చోట, అదే వైపు. వాళ్ళ నాన్నేమో ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకిన మనిషి, ఆ ఏకే బద్ద మీద తాడు టంగుమంటుంటే చిన్నప్పుడు నిద్రపట్టేదని మామ ఒకసారి నసీముతో చెబుతుంటే వంటింట్లోంచి వింది. నసీముతో ఎన్నో చెబుతాడు. అదిగో, ఇప్పుడూ వసారాలో మామ దగ్గరికి టీ గ్లాసు పట్టుకెళుతోంది నసీము, పెరట్లోంచి కనపడుతోంది. వంటింటి గుమ్మంలోంచి సూటిగా పోతే నాలుగడుగులు, ఆ పిల్ల మాత్రం మంచం చుట్టూ తిరిగి అవతల పక్కకెళ్ళి కూర్చుని గ్లాసు ఇచ్చింది, ఏదో చెబుతోంది, ఆయన ఎదురుగా వీధిలోకి చూస్తూ నవ్వుతున్నాడు. ఊరికే చుట్టు తిరుగుడు పిల్ల అనుకుంది ఖుర్షిదా, కళ్ళు మళ్ళీ పళ్ళెంలోకి.

గీతలు ఎంత పొందిగ్గా వచ్చాయో, తన కుట్టుపనే అక్కరకొచ్చింది. పుస్తకంలో బొమ్మ ఉంది, దాన్ని రాగి మీదికి ఎట్లా ఎక్కించాలో రాసినాయన సరిగ్గా చెప్పలేదు, కార్బను పేపరంటాడు, అది రాగి మీద జారిపోతుంది. అమ్మ నేర్పిన పద్ధతి ఉండగా ఆయనెవరు. చీర మీద పువ్వు కుట్టాలంటే పల్చటి నూనె కాగితం మీద పువ్వు గీసి, గీత వెంబడి సూదితో సన్నగా పొడుచుకుంటూ పోయి, ఆ కాగితం గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలిమందు దూదితో రుద్దితే, చిల్లుల్లోంచి దిగి పువ్వు చుక్కలు చుక్కలుగా గుడ్డ మీద పడుతుంది. అట్లాగే చేసింది, రాగి మీద నీలి చుక్కలు ముత్యాల్లా పడ్డాయి, నిన్న పొద్దున కూర్చుని సన్నటి కుంచెతో చుక్కా చుక్కా కలుపుతూ రంగు వేసింది. అమ్మ ఒక్క మాట మాత్రం చెంప మీద కొట్టి మరీ నేర్పింది. సూది పైనుంచి పొడిస్తే కాగితం అడుగున గరుకు లేస్తుంది, ఆ గరుకు వైపు పైకి పెట్టాలి, గరుకు మీద రుద్దితేనే మందు దిగుతుంది, నున్నటి వైపు పైకి పెడితే పైపైనే జారిపోతుంది. గరుకు వైపు పైకి. ఎన్ని వందల పువ్వులు దించిందో అట్లా, చెయ్యి తనంతట తనే కాగితం తిరగేస్తుంది.

తిరగేస్తుంది.

చేతులు ఊపడం ఆపేశాయి. పక్కన ఇటుకరాయి కింద పెట్టిన పుస్తకం తెరిచి ఉంది, బొమ్మలో బ్యాటరీ చోటు ఎడమ పక్క, మైకు చోటు కుడి పక్క. పళ్ళెంలోకి చూసింది. బ్యాటరీ చోటు కుడి పక్క. పుస్తకం తిప్పి చూసింది, పళ్ళెం తిప్పి చూసింది, తను లేచి అటు పక్కకెళ్ళి చూసింది. ఎటు నుంచి చూసినా అంతే. రాగి వైపు ఎట్లా ఉండాలో అచ్చం అట్లాగే ఉన్న బొమ్మని గీసి, పొడిచి, తీరా రుద్దేటప్పుడు గరుకు వైపు పైకి అని కాగితం తిరగేసింది. అద్దంలో చూసినట్టు అంతా తారుమారు. పువ్వుకి కుడి ఎడమలు లేవు, పువ్వు ఎటు తిరిగినా పువ్వే, అమ్మ నేర్పింది పువ్వులకి, దీనికి కాదు. ఓసి నా చెయ్యీ, నీకు చదువు లేదటే. తీసేద్దామా అంటే పైనున్న రాగి సగానికి పైగా పోయింది, కరిగిపోయిన రాగిని ఎవరు తిరిగి తెస్తారు. ఒక్కటే ముక్క. మద్రాసు నుంచి రావాలంట. శుక్రవారం హయాత్ చిన్నమామ వెళ్ళి పరదా దగ్గర కూర్చుంటాడు, మంచివాడే పాపం, నసీము సరేనని పిచ్చుక గొంతుతో అంటుంది, ఆయన వింటాడు, మామ అవతల పందిట్లో ఎవరి పెళ్ళికో వచ్చినట్టు కూర్చుంటాడు. ఎండ ఒక్కసారిగా నెత్తి మీద చుర్రుమంది, ఇందాకటి పొయ్యి ఇదేనా. మిరప ఘాటు కళ్ళలోకి వచ్చిందో, ఘాటు వంకతో కన్నీళ్ళే వచ్చాయో, చేత్తో తుడుచుకోవడానికి లేదు, చేతి నిండా మందు, భుజానికేసి రాసుకుంది. మళ్ళీ ఊపసాగింది. ఎందుకు ఊపుతుందో తనకే తెలీదు, సగంలో వదిలేయడం రాదు అంతే.

ఏముంది దీన్లో అసలు, కూడబలుక్కుని చూడు. రెసిస్టరుకి ముందూ వెనకా లేదు, ఎటు పెట్టినా ఒకటే. కండెన్సరుకి ప్లస్సు కాలు ప్లస్సు గీత మీద పడితే చాలు, గీత ఎటున్నా గీతే. బ్యాటరీకీ మైకుకీ తీగలే కదా, కుడి నుంచి వస్తేనేం, ఎడమ నుంచి వస్తేనేం. మిగిలింది ట్రాన్సిస్టర్లు, మూడు కాళ్ళు వరసగా, ఈ కొసన ఉండాల్సిన కాలు ఆ కొసకి పోయింది, ఆ కొసది ఈ కొసకి, మధ్యది మధ్యనే. మధ్యది మధ్యనే ఉందా? ఉంది. అయితే దాన్ని. ఊపడం ఆగలేదు కానీ ఊపిరి ఆగింది. అయితే దాన్ని వెనక్కి తిప్పి పెడితే? గోడకేసి తిప్పి పెడితే? మొహం అటు, వీపు ఇటు. అప్పుడు ఆ కొస కాలు ఈ కొసకొస్తుంది, ఈ కొసది అటు పోతుంది. మూడింటికి మూడూ పెడమొహం పెట్టి కూర్చుంటాయి, చూసేవాళ్ళు ఎవరో తెలివితక్కువది తిరగేసి పెట్టింది అనుకుంటారు, కానీ వాటికి వినపడాల్సింది వినపడుతుంది. నాన్నా, మొహం చూసి పెట్టమన్నావు, మొహం తిప్పి పెట్టినా సరిపోతుందని చెప్పలేదేం. నవ్వొచ్చింది, పైకే వచ్చింది, గోడ మీద కాకి ఎగిరిపోయింది. మొహం తిప్పుకుంటేనే సరిగ్గా

వినపడుతుంది.

వసారాలో మామ మొహం వీధివైపు సూటిగా ఉంది, నసీము కుడి పక్కన ఉంది. ఎడమ పక్కన మిషను, పాతికేళ్ళు అదే చోట, అదే వైపు. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఎడమకి తిరుగుతాడు, ఎడమకి తిరిగితే ఇటు వచ్చేది ఏది? మొహం అటు పోతే ఇటు వచ్చేది ఏది? ఆరేళ్ళు ఆ వచ్చినదాని కేసి చూస్తూ కూడా చూడలేదు తను.

నసీము ఖాళీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చింది, పళ్ళెంలోకి తొంగిచూసి, "వదినా, అవుతోందా?" అంది.

"నసీమూ, మీ నాన్నకి కుడి చెవి కాస్త వినపడుద్దా?"

"ఎడమది మొత్తం పోయింది గదా, కుడిది ఏదో కాస్త. ఎప్పట్నుంచో అంతేగా" అని నసీము వింతగా చూసింది. "నీకు తెలీదా వదినా?"

"ఎవరూ చెప్పలేదే."

"చెప్పేదేముంది, ఆయన చెవి తిప్పి పెడతాడు గదా నువ్వు మాట్లాడినప్పుడల్లా. నువ్వు కాపరానికొచ్చిన రోజు కూడా, నువ్వు లోపలికెళ్ళాక అన్నాడు, కొత్త కోడలి గొంతు బాగుందే, ఇంకో మాట మాట్లాడితే బాగుండు అని."

ఖుర్షిదా పళ్ళేన్ని ఇటు వంచింది, అటు వంచింది. మసాలా రోలు, ఉల్లిపాయల్లేని కన్నీళ్ళు, చెంబు అట్లా పక్కన పెట్టి విసవిసా వచ్చేయడం, ఇంకో మాట. ఇంకో మాట కోసం చెవొగ్గి కూర్చున్న మనిషికి తను ఆరేళ్ళు లెక్కపెట్టుకుని మాటలు వడ్డించింది, అవీ పెద్దగా అరిచి. సిగ్గేసింది, అయినా బాధ వేయలేదు, అదే చిత్రం. ఎక్కడో పేరుకున్న గడ్డ ఎండకి కరుగుతున్నట్టు హాయిగా ఉంది. "ఏందొదినా, ఏడుస్తన్నావా నవ్వుతన్నావా?" అంటే "మిరప ఘాటు లేవే" అంది. ఈసారి వంక చెప్పడానికి ఎదురుగానే మిరపకాయలు ఉన్నాయి.

రాగి పోవలసినంతా పోయింది, ఎర్రటి గీతలు మాత్రమే మిగిలాయి. పుల్లతో అట్టని లేపి బకెట్టు నీళ్ళలో ముంచి కడిగింది, గోళ్ళరంగు మీద స్పిరిటు దూదితో తుడిచింది, ఒక్కో తుడుపుకి ఒక్కో గీత కింద నుంచి కొత్త రాగి తళుక్కుమంటూ బయటికొచ్చింది, ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒకదానికొకటి అంటుకోలేదు. నసీము అబ్బా అంది. డబ్బాలోంచి ఒక ట్రాన్సిస్టరు తీసి, మొహం వెనక్కి తిప్పి, కాళ్ళు గీతల పక్కన ఆనించి చూసింది. ఈ కాలు ఈ గీతకి, మధ్యది మధ్యకి, ఆ కాలు ఆ గీతకి. సరిపోయింది. పలక మీద వినిపించిన కాకి ఇక్కడా వినిపిస్తుంది, అదే సర్క్యూటు, పైగా కీచుమని అరవకుండా వినిపిస్తుంది. రేపు చిల్లులు పెట్టి సోల్డరు చేయడమే, టేపురికార్డరు మోటారుకి సన్నటి డ్రిల్లు బిట్టు ముందే బిగించి ఉంచింది. చేతులు సబ్బుతో రుద్దుకుంది, పసుపు పోలేదు, పోవద్దులే.

అట్ట అరచేతిలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళింది. కాళ్ళు అలవాటు చొప్పున ఎదురుగా వెళ్ళబోయాయి, ఆపి, మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్ళి అంచున కూర్చుంది. ఇక్కడి నుంచి ఈ వీధి తను ఎప్పుడూ చూడలేదు, పత్తి బోరాల బండి పోతోంది, ఎద్దు కొమ్ముకి ఇంత దూది అంటుకుని ఉంది. అరవబోయిన గొంతుని తగ్గించి, నసీముతో మాట్లాడినట్టే మామూలుగా అంది, "మామయ్యా, పెట్టె అయిపోయినట్టే. రేపు చెవికి పెడతాను."

ఆయన వీధిలోకి చూస్తూనే ఉన్నాడు. వినలేదేమో అనుకుంటుండగా చెయ్యి చాపాడు. అట్ట ఆ చేతిలో పెట్టింది. పత్తి అందించి అందించి మొద్దుబారిన వేలితో రాగి గీతల మీద నెమ్మదిగా రాశాడు, కుట్టుపని నాణ్యం చూసినట్టు.

"ఇది చెవిలో పెట్టుకుంటే నసీము మాట వినపడుద్దా?"

"వినపడుద్ది మామయ్యా. మీరే వినాలి. చిన్నమామకి చెప్పేయండి."

"చెబుతాలే. నా కూతురు మాట నేనే వింటా" అన్నాడు, ఆ తర్వాత అట్టని అటూ ఇటూ తిప్పుతూ చిన్నపిల్లాడిలా అడిగాడు, "మరి ఇది పెట్టుకుంటే నేను ఎటు తిరిగి కూర్చోవాలమ్మా?"

"ఎటైనా కూర్చోవచ్చు. ఎటు తిరిగినా వినపడుద్ది."

"అయితే రేపు నువ్వు మాట్లాడేటప్పుడు నీ ఎదురుగా కూర్చుంటా" అన్నాడు బుడే సాహెబు. "ఆరేళ్ళ నుంచి నీ గొంతే వింటన్నా. మాట్లాడతా ఉంటే నీ మొహం ఎట్టా ఉంటదో నాకింకా తెలీదు."